సంఘం చేయవలసిన పని పత్రిక చేసిన కాలం

న్యూజెర్సీలో ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ అమ్మిన సామానులో 1970ల నాటి 'చెస్ లైఫ్ అండ్ రివ్యూ' అనే అమెరికన్ చెస్ పత్రిక సంచికలు మీకు ఒక పెట్టెడు దొరికాయని రాశారు. కంప్యూటర్‌లో చెస్ ఆడే ఇంజన్ క్షణంలో సరైన ఎత్తు చూపించే ఈ రోజుల్లో వాటిని చదవడంలో అర్థం ఉందా అనీ, ఆ పేరు రెండు పత్రికలను అతికించినట్టు ఎందుకు ఉందనీ అడిగారు. రెండో ప్రశ్నకు జవాబు చెబితే మొదటిదానికి సగం జవాబు దొరుకుతుంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. ఉత్తరాల మీద చెస్ ఆడిన తరానికి చెందినవాణ్ణి, ఈ పాత సంచికలను పోగుచేసుకునే అలవాటు ఉన్నవాణ్ణి కనుక నా మాటల్లో కొంత పక్షపాతం ఉంటుంది. ఆ మేరకు తగ్గించుకుని చదవండి.

మీ అనుమానం సరైనదే, అవి నిజంగానే రెండు పత్రికలు. 1933లో మొదలైన 'చెస్ రివ్యూ' ఒక ప్రైవేటు పత్రిక. 1946లో మొదలైన 'చెస్ లైఫ్' అమెరికా చెస్ సమాఖ్య సొంత పత్రిక. ఈ రెండూ 1969 నవంబరులో కలిసిపోయి, 1980 దాకా ఆ జంట పేరుతో నడిచాయి. ఆ తరువాత మళ్లీ 'చెస్ లైఫ్' అన్న పేరు ఒక్కటే మిగిలింది. అయితే ఈ కలయిక వెనుక ఉన్న చరిత్ర కేవలం పత్రికల చరిత్ర కాదు. సోవియట్ యూనియన్‌లో చెస్ క్రీడాకారులకు ప్రభుత్వ వేతనాలు, శిక్షణ కేంద్రాలు, ప్రభుత్వం నడిపే పత్రికలు ఉండేవి. అమెరికాలో ఇవేవీ లేవు. దేశమేమో ఖండమంత విశాలం. న్యూయార్క్ దాటితే గట్టి క్లబ్బులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. అలాంటి చోట పోటీలు పెట్టడం, ఆటగాళ్లను ఒకరికొకరిని కలపడం, పాఠాలు చెప్పడం, పుస్తకాలూ పావులూ అమ్మడం, చివరికి ఎవరు ఎంతటి ఆటగాడో తేల్చడం కూడా చాలాకాలం పత్రికల మీదే పడింది. ఆ పత్రికల మీద పాతవారికి అంత మమకారం ఉండటానికి అసలు కారణం ఇదేనని నా అభిప్రాయం.

అమెరికాలో మొదటి చెస్ పత్రికను 1846లో న్యూయార్క్‌లో చార్లెస్ స్టాన్లీ తెచ్చాడు, అది ఎంతోకాలం నిలవలేదు. చదివి ఆనందించదగినది మాత్రం 1857 నుంచి 1861 వరకు వచ్చిన 'చెస్ మంత్లీ'. దాని సంపాదకుడు డేనియల్ విల్లర్డ్ ఫిస్క్ పండితుడు, ఐస్‌లాండ్ సాహిత్యమంటే ప్రాణం పెట్టేవాడు, తరువాత కార్నెల్ విశ్వవిద్యాలయానికి మొదటి గ్రంథపాలకుడయ్యాడు. పత్రిక పెట్టిన సంవత్సరమే అతడు మొదటి అమెరికన్ చెస్ కాంగ్రెస్‌ను కూడా నడిపించాడు. ఆ పోటీలో గెలిచిన న్యూ ఆర్లియన్స్ యువకుడు పాల్ మార్ఫీ మరుసటి ఏడాదికల్లా పత్రికకు సహ సంపాదకుడయ్యాడు. అంటే పోటీని పెట్టిందీ, దాన్ని లోకానికి చెప్పిందీ, గెలిచినవాడికి కుర్చీ వేసిందీ ఒకే చెయ్యి. ఈ పద్ధతే తరువాత వంద సంవత్సరాలు సాగింది.

ఆ పత్రికలో సమస్యల విభాగాన్ని చూసినవాడు శామ్ లాయిడ్, అప్పటికి ఇంకా నూనూగు మీసాల కుర్రవాడు. 1859లో వచ్చిన అతని సమస్య ఒకటి ఈనాటికీ పుస్తకాల్లో తిరుగుతూనే ఉంది. సమస్య లాయిడ్‌ది, దాని చుట్టూ కథ అల్లింది ఫిస్క్. స్వీడన్ రాజు పన్నెండవ చార్లెస్ 1713లో బెండర్ దగ్గర తురుష్కుల ముట్టడిలో చిక్కుకుని, తుపాకి గుళ్ల మధ్యే తన మంత్రితో చదరంగం ఆడుతుంటాడు. మూడు ఎత్తుల్లో ఆటకట్టు అని ప్రకటించగానే ఒక గుండు వచ్చి అతని తెల్ల గుర్రాన్ని ఎగరగొడుతుంది. చార్లెస్ కాసేపు ఆలోచించి, గుర్రం లేకపోయినా నాలుగు ఎత్తుల్లో కట్టు ఉందంటాడు. ఇంకో గుండు ఒక బంటును తీసుకుపోతుంది, అప్పుడు అయిదు ఎత్తుల్లో కట్టు. కథ కల్పితమే కానీ ఆ మూడు కట్లూ బల్ల మీద నిజంగా ఉన్నాయి. మొదటి గుండు గుర్రానికి బదులు ఏనుగుకు తగిలి ఉంటే ఆరు ఎత్తుల్లో కట్టు ఉండేదని 1900లో ఫ్రీడ్రిక్ అమెలుంగ్ అనే బాల్టిక్ పండితుడు కనిపెట్టాడు! నలభై ఏళ్ల తరువాత కూడా ఒక పాఠకుడు ఆ పేజీని పట్టుకుని వేలాడుతున్నాడంటే ఆ పత్రిక తన పాఠకుల నుంచి ఎంత శ్రద్ధను రాబట్టుకుందో తెలుస్తుంది.

ఆ తరువాత తప్పక చూడవలసింది, మొదటి అధికారిక ప్రపంచ ఛాంపియన్‌గా పేరొందిన విల్హెల్మ్ స్టైనిట్జ్ 1885 నుంచి 1891 వరకు న్యూయార్క్‌లో నడిపిన 'ఇంటర్నేషనల్ చెస్ మ్యాగజైన్'. స్టైనిట్జ్ స్థాన బలాబలాల సిద్ధాంతాన్ని ఇందులో నెల నెలా ఆటల ద్వారా వివరించాడు. అదే పత్రికలో తనకు గిట్టనివారిని పేజీలకు పేజీలు దుమ్మెత్తిపోశాడు కూడా. 1886లో న్యూయార్క్, సెయింట్ లూయిస్, న్యూ ఆర్లియన్స్ నగరాల్లో జుకర్‌టోర్ట్‌తో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఆడి, మొదట 1-4తో వెనుకబడి, చివరకు 10-5తో గెలిచి, ఆ ఆటలకు తన పత్రికలో తనే వ్యాఖ్యలు రాశాడు. లండన్‌లోని ప్రత్యర్థి పత్రిక మీద అతని కసి చదువుతుంటే నవ్వూ వస్తుంది, విసుగూ పుడుతుంది. కానీ ఆటల దగ్గరికి వచ్చేసరికి ఆ కలం వేరు. తాను ఓడిన ఆటల్లో తన తప్పులను అతడు దాచిపెట్టలేదు. అతని తరువాతి ప్రపంచ ఛాంపియన్ ఇమాన్యుయేల్ లాస్కర్ కూడా 1904లో న్యూయార్క్‌లో తన పేరు మీద ఒక పత్రిక పెట్టి అయిదేళ్లపాటు నడిపాడు. అందులో తత్వచింతన ఎక్కువ. నాకు అంతగా రుచించదు.

అదే 1904లో పెన్సిల్వేనియాలోని కేంబ్రిడ్జ్ స్ప్రింగ్స్‌లో పెద్ద అంతర్జాతీయ పోటీ జరిగింది. లాస్కర్ సైతం ఆడిన ఆ పోటీలో అమెరికన్ ఫ్రాంక్ మార్షల్ మొదటి స్థానం కొట్టాడు. ఆ ఉత్సాహంలోనే హెర్మన్ హెల్మ్స్ 'అమెరికన్ చెస్ బులెటిన్'ను మొదలుపెట్టి, 1963 జనవరిలో తాను 93వ ఏట చనిపోయేదాకా దాదాపు అరవై ఏళ్లు దాన్ని వదలలేదు. కాపబ్లాంకా వంటి ఉద్దండుల ప్రదర్శన పర్యటనలకు ఏర్పాట్లు చేసింది, 1924 న్యూయార్క్ పోటీ నిర్వహణలో భుజం పట్టింది, అలేఖిన్ వ్యాఖ్యలతో వచ్చిన ఆ పోటీ పుస్తకానికి సంపాదకత్వం వహించింది అతడే. నిజం చెప్పాలంటే బులెటిన్ పేజీలు చాలా చప్పగా ఉంటాయి. ఫలితాలు, పట్టికలు, ఆటలు, మరణవార్తలు, అంతే. అయితే ఇరవయ్యో శతాబ్దపు మొదటి సగంలో అమెరికాలో ఎవరు ఎక్కడ ఎవరిని ఓడించారో తేల్చుకోవాలంటే చరిత్రకారులు ఈనాటికీ వెళ్లేది అక్కడికే.

ఇక 'చెస్ రివ్యూ'. నా దృష్టిలో అన్నింటిలో మేలైనది ఇదే కాబట్టి కొంచెం విస్తారంగా చెబుతాను. ఆర్థిక మాంద్యం అమెరికాను నలిపేస్తున్న 1933 జనవరిలో, ఆనాటి అగ్రశ్రేణి ఆటగాడు ఐజాక్ కాష్డాన్ దీన్ని ప్రారంభించాడు. కొద్దికాలానికే అతడు తప్పుకోగా అల్ హొరోవిట్జ్ చేతికి వచ్చింది. చివరిదాకా అది హొరోవిట్జ్ పత్రికే. అతడు గ్రాండ్‌మాస్టర్ స్థాయి ప్రతిభ ఉండి కూడా పత్రిక కోసం ఆటను వెనక్కి నెట్టినవాడు. కారులో ఊరూరా తిరిగి, ఒకేసారి పదులమందితో ఆడే ప్రదర్శనలిచ్చి, ఆ సాయంత్రమే చందాలు రాయించుకునేవాడు. 1940లో అలాంటి పర్యటనలోనే అయోవాలో కారు ప్రమాదం జరిగి, వెంట ఉన్న హెరాల్డ్ మోర్టన్ అనే మాస్టర్ చనిపోయాడు, హొరోవిట్జ్ తీవ్రంగా గాయపడ్డాడు. కోలుకున్నాక తిరిగి అదే పని.

ఆ పత్రికలో ఒక్కొక్క శీర్షికా పాఠకుడికి ఏదో ఒక పని పెట్టేది. 'సాలిటైర్ చెస్' అనే శీర్షికలో ఒక మాస్టర్ ఆటను అచ్చువేసేవారు. మీరు గెలిచినవాడి పక్షం తీసుకుని, అట్టముక్కతో పేజీని కప్పుకుని, తరువాతి ఎత్తు ఏమిటో ఊహించి, అట్టను ఒక వరుస కిందికి జరిపి చూసుకోవాలి. ఎత్తుకు ఇన్ని మార్కులని పక్కనే ఉంటుంది. ఒంటరిగా, గురువు లేకుండా, చిన్న ఊళ్లో కూర్చుని ఎదగాలనుకునేవాడికి ఇంతకన్నా మంచి సాధన ఈనాటికీ ఎవరూ కనిపెట్టలేదని నా నమ్మకం. ఇర్వింగ్ చెర్నెవ్ వింతలూ విశేషాలూ ఏరి పెట్టేవాడు, మాజీ ప్రపంచ ఛాంపియన్ మాక్స్ యూవే నెలకొక ఆటను విడమరచి చెప్పేవాడు, తరువాత ప్రపంచ ఛాంపియన్ అయిన బాబీ ఫిషర్ పిల్లవాడిగా ఎవరింటికి వెళ్లి ఆడుకునేవాడో ఆ జాన్ కాలిన్స్ పాఠకులు ఆడిన పోస్టల్ ఆటలకు వ్యాఖ్యలు రాసేవాడు. ఈ చివరి సంగతిని గమనించండి. అయోవాలోనో ఆరిజోనాలోనో ఉన్న ఒక సాధారణ ఆటగాడి ఆట, అతని పేరుతో సహా, ప్రపంచ ఛాంపియన్ల ఆటలు వచ్చే పత్రికలోనే వచ్చేది.

పోస్టల్ చెస్ ఆ పత్రికకు వెన్నెముక. కార్డు మీద ఎత్తు రాసి పంపితే, జవాబు వచ్చేసరికి దూరాన్ని బట్టి వారమో పది రోజులో; ఒక ఆట ముగిసేసరికి ఒక్కోసారి రెండేళ్లు. 1940లలో పత్రిక మొదలుపెట్టిన 'గోల్డెన్ నైట్స్' పోస్టల్ పోటీని ఇప్పటికీ అమెరికా సమాఖ్య నడుపుతోంది. హాలీవుడ్ నటుడు హంఫ్రీ బోగార్ట్ కూడా ఉత్తరాల మీద ఆడేవాడు. 1945 జూన్-జూలై సంచిక ముఖచిత్రం మీద అతడూ, లారెన్ బకాల్, చార్ల్స్ బోయర్ చదరంగం బల్ల దగ్గర కనిపిస్తారు. హొరోవిట్జ్ దీన్ని బొమ్మల చెస్ పత్రిక అని చెప్పుకునేవాడు, ముఖచిత్రం విలువ అతనికి బాగా తెలుసు. యుద్ధకాలంలో ఎత్తుల గుర్తులు రహస్య సంకేతాలేమోనన్న అనుమానంతో విదేశాలకు వెళ్లే పోస్టల్ ఆటలను సెన్సారు అధికారులు ఆపివేశారు; యుద్ధం ముగిసిన 1945 సెప్టెంబరులోనే అమెరికా, సోవియట్ జట్లు రేడియో ద్వారా పది బల్లల మీద తలపడ్డాయి. ఫలితం సోవియట్‌లకు 15½-4½. కాష్డాన్, హొరోవిట్జ్ ఇద్దరూ అమెరికా జట్టులో ఆడినవారే. ఆ దెబ్బతో సంస్థాగత శిక్షణ ఉన్న దేశానికీ, పత్రికలను నమ్ముకున్న దేశానికీ ఉన్న తేడా ఏమిటో అందరికీ అర్థమైపోయింది.

1956 అక్టోబరులో న్యూయార్క్‌లోని మార్షల్ క్లబ్‌లో పదమూడేళ్ల ఫిషర్, డొనాల్డ్ బర్న్ మీద నల్ల పావులతో ఆడుతూ 17వ ఎత్తులో శకటును ఇ6 గడికి జరిపి మంత్రిని వదిలేశాడు. ఆ ఆటకు 'శతాబ్దపు ఆట' అని పేరు పెట్టింది చెస్ రివ్యూలో రాసిన హాన్స్ కమోచ్. అప్పటికి ఫిషర్ గ్రాండ్‌మాస్టర్ కాదు సరికదా, ఆ పోటీలో పై స్థానాల్లో కూడా లేడు. ఒక పెద్దమనిషి ఒక పిల్లవాడి ఆట చూసి, శతాబ్దం సగం మిగిలి ఉండగానే ఇది శతాబ్దపు ఆట అని అచ్చులో ప్రకటించడానికి ఎంత తెగువ కావాలి! ఇంజన్ మీకు ఆ 17వ ఎత్తు సరైనదని చెబుతుంది, అంతకన్నా ముందుకు పోదు. ఆటను పదిమంది ముందుకు తెచ్చి నిలబెట్టే పని కమోచ్ లాంటివారిది.

సమాఖ్యవారి 'చెస్ లైఫ్' 1946 సెప్టెంబరు 5న నెలకు రెండుసార్లు వచ్చే వార్తాపత్రికగా, మాంట్‌గోమరీ మేజర్ సంపాదకత్వంలో మొదలైంది. రాష్ట్ర పోటీల ఫలితాలు, సమాఖ్య రాజకీయాలు, సంపాదకుడి ఘాటైన సంపాదకీయాలు, ఇవే అందులో ఉండేవి. ఇప్పుడు చదివితే సగం గొడవలు ఎందుకో కూడా అర్థం కాదు. కానీ ఆ పత్రిక వల్ల ఒక పెద్ద మేలు జరిగింది. కెన్నెత్ హార్క్‌నెస్, అంతకుముందు చెస్ రివ్యూలోనే పనిచేసినవాడు, 1950లో అమెరికన్ ఆటగాళ్లకు రేటింగులు, అంటే ఆట బలాన్ని చూపే సంఖ్యలు, ఇచ్చే పద్ధతిని తెచ్చాడు, ఆ జాబితాలు చెస్ లైఫ్‌లో వచ్చేవి. దానిలోని లోపాలను సరిదిద్ది, మిల్వాకీలో భౌతికశాస్త్రం బోధించే అర్పాడ్ ఎలో రూపొందించిన పద్ధతిని సమాఖ్య 1960లో, ప్రపంచ సమాఖ్య 1970లో చేపట్టాయి. వరంగల్ కుర్రవాడు అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబరు జాబితాలో 2800 దాటాడని మనమంతా సంబరపడ్డాము కదా, ఆ సంఖ్యకు మూలం వెతుక్కుంటూ పోతే ఈ పాత పేజీలే తగులుతాయి.

1961లో చెస్ లైఫ్ పత్రిక రూపంలోకి మారింది. కొంతకాలం ఫిషర్ సొంత శీర్షిక అందులో వచ్చింది. అదే కాలంలో చిన్న పత్రికలు కొన్ని పుట్టి, తొందరగానే కన్నుమూశాయి. వాటిలో రెండింటిని వదలకూడదు. లారీ ఎవాన్స్ నడిపిన 'అమెరికన్ చెస్ క్వార్టర్లీ' 1961లో మొదటి సంచికలోనే ఫిషర్ వ్యాసం వేసింది. అంతకుముందు ఏడాది సోవియట్ ఆటగాడు స్పాస్కీ ఆడిన కింగ్స్ గాంబిట్ అనే ఆరంభానికి ఓడిపోయిన ఉక్రోషంతో, ఆ ఆరంభం ఇక చెల్లదనీ, మూడో ఎత్తులో నల్లవారు బంటును డి6 గడికి జరిపితే తెల్లవారి పని అయిపోయినట్టేననీ అతడు తీర్పు చెప్పాడు. ఆ తరువాత 1963-64 జాతీయ ఛాంపియన్‌షిప్‌లో, పదకొండు ఆటలకు పదకొండూ గెలిచిన ఆ పోటీలోనే, తాను చెల్లదన్న కింగ్స్ గాంబిట్‌నే తెల్ల పావులతో ఆడి ఓడించింది ఎవరినో తెలుసా? ఆ వ్యాసం అచ్చువేసిన ఎవాన్స్‌నే. రెండోది ఫ్రాంక్ బ్రేడీ తెచ్చిన 'చెస్‌వరల్డ్', మూడే మూడు సంచికలు వచ్చింది. 1964లో మొదటి సంచికలో ఫిషర్ చరిత్రలోని పదిమంది మేటి ఆటగాళ్ల జాబితా ఇచ్చాడు. అందులో మార్ఫీ, స్టాంటన్ ఉన్నారు. ఇరవై ఏడేళ్లు ప్రపంచ ఛాంపియన్‌గా ఉన్న లాస్కర్ లేడు, సోవియట్ ప్రపంచ ఛాంపియన్ బాట్విన్నిక్ లేడు. అలాంటి జాబితాను వేయగల ధైర్యం పెద్ద పత్రికలకు ఉండదు.

ఆడవారి ఆటకు మాత్రం ఈ పత్రికలేవీ న్యాయం చేయలేదు. తొమ్మిదిసార్లు జాతీయ మహిళా ఛాంపియన్ అయిన గిసెలా గ్రెసర్ ఆటలను వెతికి పట్టుకోవడానికి ఎన్ని సంచికలు తిరగేయాలో చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. 1961లో ఆనాటి మహిళా ఛాంపియన్ లీసా లేన్‌ను ముఖచిత్రంగా వేసింది 'స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్' అనే క్రీడా పత్రిక.

మీ పెట్టెలోని సంచికల కాలానికి సంపాదకుడు బర్ట్ హాక్‌బర్గ్, 1966 నుంచి 1979 వరకు. వృత్తిరీత్యా సంపాదకుడి చేతిలో పడ్డాక ఆ పత్రిక ఎంత నిండుగా తయారైందో ఏ సంచిక తెరిచినా కనిపిస్తుంది. పాల్ బెంకో కూర్చిన పొట్టి సమస్యలు, పాఠకుల ప్రశ్నలకు ఎవాన్స్ సూటి జవాబులు, విదేశీ పోటీల నివేదికలు. 1972లో ఐస్‌లాండ్ రాజధాని రేక్యవిక్‌లో ఫిషర్ స్పాస్కీని ఓడించి ప్రపంచ ఛాంపియన్ అయిన సంవత్సరపు సంచికలు ఉంటే వాటిని విడిగా తీసి పెట్టండి. అవి అరుదైనవి కావు, ఆ ఏడాది సమాఖ్య సభ్యత్వం వరదలా పెరిగి సంచికలు ఎక్కువగానే అచ్చయ్యాయి, వాటికి పెద్ద ధర కూడా పలకదు. నెల నెలా వేడి పెరుగుతూ పోవడం, ఫిషర్ వస్తాడా రాడా అన్న ఆందోళన, గెలిచాక పొంగు, ఆ పైన 1975లో సవాలు చేసిన కార్పోవ్‌తో ఆడకుండానే కిరీటం వదులుకున్నప్పటి దిగులు, వీటిని వరుసగా చదివితేనే ఆ కాలం పట్టుబడుతుంది. ఏం జరగబోతోందో రాసేవారికి తెలియకపోవడమే పాత పత్రికల గొప్ప లక్షణం, చరిత్ర పుస్తకాలకు అది దక్కదు.

చదివే పద్ధతి గురించి రెండు మాటలు. మీ సంచికల్లో ఎక్కువ భాగం పాత వర్ణనాత్మక సంకేతాల్లో ఉంటుంది. మన దగ్గర 1980ల దాకా పాత ఇంగ్లీషు పుస్తకాలతో నేర్చుకున్నవారికి ఇది అలవాటే, ఈ తరానికి మాత్రం చిరాకు. సూత్రం చిన్నది: ప్రతి నిలువు వరుసకూ ఆట మొదట్లో దాని అడుగున ఉన్న పావు పేరే పేరు, గడులను ఎవరికి వారు తమ వైపు నుంచి లెక్కపెట్టుకుంటారు. అందుకే పి-కె4 (రాజు వరుసలో నాలుగో గడికి బంటు) అని తెల్లవారు అంటే ఇ4, నల్లవారు అంటే ఇ5. నిజమైన బల్ల మీద పావులు పెట్టుకుని రెండు మూడు సాయంత్రాలు ఆడితే కన్ను అలవాటు పడిపోతుంది. ఫోన్‌లో ఆడించే ప్రయత్నం చేయకండి.

ఇంజన్ విషయానికి వస్తే, ఆనాటి వ్యాఖ్యల్లో పొరపాట్లు కొల్లలు. గెలిచినవాడి ప్రతి ఎత్తునూ మెచ్చుకోవడం, ఓడినవాడికి దక్కవలసిన డ్రాను గమనించకపోవడం సర్వసాధారణం. ఆరంభాల విశ్లేషణను పూర్తిగా పక్కన పెట్టేయండి, దాని కాలం చెల్లింది. కానీ మధ్య ఆటలో ఏ పథకం ఎందుకు ఎంచుకున్నారో, ఎక్కడ భయపడ్డారో, ఎక్కడ అలిసిపోయారో మాస్టర్ మాటల్లో వివరించిన చోట ఆగండి. ముందు వ్యాఖ్య చదివి, మీ అభిప్రాయం కాగితం మీద రాసుకుని, ఆ తరువాతే ఇంజన్‌ను అడగండి. మాస్టర్, మీరు, ఇంజన్ ముగ్గురూ విభేదించిన చోటే మీకు నేర్చుకోవడానికి ఏదో ఉన్నట్టు.

మీ పెట్టెకు ముందు కాలంవి కొనాల్సిన పని లేదు. చెస్ రివ్యూ, చెస్ లైఫ్ పాత సంచికలను అమెరికా సమాఖ్య తన వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంచింది. ఫిస్క్, స్టైనిట్జ్ పత్రికల సంపుటాలు గూగుల్ బుక్స్‌లో, హాతీట్రస్ట్‌లో దొరుకుతాయి. 1988 నుంచి 2000 వరకు సియాటిల్ నుంచి యాసెర్ సెయిరవాన్ నడిపిన 'ఇన్‌సైడ్ చెస్' మాత్రం కాగితం మీద కొనుక్కోదగినది. ఒక గ్రాండ్‌మాస్టర్ సొంత పూచీ మీద తెచ్చిన పత్రికల్లో అమెరికాలో పెద్దది అదే చివరిదనుకుంటాను. ఆటలు వారం తిరగకముందే ఇంటర్నెట్‌లోకి రావడంతో దాని అవసరం తీరిపోయింది. మొదలుపెట్టడానికి నా సలహా అడిగితే 1945 నుంచి 1957 దాకా వచ్చిన చెస్ రివ్యూలో ఏదో ఒక సంవత్సరం తీసుకుని, సాలిటైర్ చెస్ పేజీలను ముందు అచ్చు తీసుకోండి. మీ దగ్గరున్న కాగితపు సంచికలను మాత్రం అటక మీద పెట్టకండి, ఆ కాగితం వేడికి పెళుసెక్కి విరిగిపోతుంది. చిరిగిన చోట టేపు వేస్తే అంటుకున్న మేర పసుపు మరక పడుతుంది.